కేక మీద 18 శాతం

ఈ దేశంలో బంగారం కొంటే జీఎస్టీ 3 శాతం. భయపడి కేక పెట్టాలంటే 18 శాతం. 2017 జూలైలో ఈ పన్ను వచ్చిన కొత్తలో వినోద పార్కు టికెట్టు మీద ఏకంగా 28 శాతం వేశారు. రంగులరాట్నం ఎక్కడం కూడా సిగరెట్టు లాంటి దురలవాటేనని ఢిల్లీలో ఎవరికో అనిపించి ఉంటుంది. ఆరేడు నెలలకి, 2018 జనవరిలో, దయతలచి 18కి దించారు. బంగారం మాత్రం మొదటి నుంచీ మూడు దగ్గరే హాయిగా కూర్చుంది. నిత్యావసరం కదా మరి!

కోలారు బంగారు గనుల ఊరు ఊరిగాంలో పుట్టినవాడికి ఈ లెక్క ఎక్కడో గుచ్చుకుంటుంది. ఎందుకంటే బంగారమూ కేకా రెండూ మా ఊరి సరుకే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు దిగిన దగ్గర్నుంచి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గేటుకి తాళం పడేదాకా, ఈ నేల కిందనుంచి దాదాపు 800 టన్నుల బంగారం పైకొచ్చింది. దాంతోపాటు వచ్చిన కేకల్ని ఎవరూ తూకం వెయ్యలేదు, పన్నూ అడగలేదు. గని మూతపడ్డాక బంగారం పోయింది, జీతమిచ్చి భయపెట్టేవాళ్ళూ పోయారు. అందుకని సెలవులొస్తే బెంగుళూరు అవతలికి పోయి, మా డబ్బు మేమే ఇచ్చి భయపడి వస్తున్నాం.

పిల్లల పరీక్షలైపోగానే మా వీధిలో ఒక జబ్బు పుడుతుంది. ముందు ఒక ఇంటివాళ్ళకి తగులుతుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, జారుడుబల్ల మీంచి నోరు తెరుచుకుని నీళ్ళలో పడుతున్న ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. అంతే, మర్నాటికి వీధి వీధంతా జ్వరం. కోలారమ్మ గుడికి పోయొచ్చినా, అంతరగంగె కొండెక్కినా ఈ జ్వరం దిగదు. కమ్మసంద్రలో కోటిలింగేశ్వరుడు 108 అడుగుల ఎత్తున నిలబడి ఉన్నాడు, ఊరికి దగ్గర, ఎండాకాలంలో కూడా జనమే జనం. కానీ ఆయన ఎవర్నీ తలకిందులుగా తిప్పడు. అదొక్కటే లోపం. మూడిళ్ళవాళ్ళం కలిసి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడాం. సీట్లు తక్కువ, జనం ఎక్కువ. పిల్లల్ని లెక్కలోకి తీసుకోకూడదని డ్రైవరుకి ముందే చెప్పాం. మా మామని కూడా ఎక్కించాం. ఆయనకి ఏదో చూపించాలని కాదు. ఒక్కణ్ణీ ఇంట్లో వదిలితే గ్యాస్ ఆపడం మర్చిపోతాడని.

ఏ పార్కు అని అడక్కండి. బెంగుళూరు చుట్టుపక్కల ఉన్నవాటిలో ఒకటి. నేను చెప్పేదంతా ఏ పార్కుకైనా అతుకుతుంది, పేరు రాసి ఒకరికే కీర్తి కట్టబెట్టడం న్యాయం కాదు.

గేటు దగ్గర మొదటి రైడ్ మొదలైంది. దాని పేరు సోదా. మా ఆవిడ తెల్లవారుజామున మూడింటికి లేచి కలిపిన చిత్రాన్నం, స్టీలు డబ్బాలో అదిమి పెట్టిన పెరుగన్నం, మురుకుల పొట్లం అన్నీ ఒక్కొక్కటిగా బల్ల మీదికొచ్చాయి. కాపలా కుర్రాడు డబ్బా మూత తీసి, వాసన చూసి, "ఇది అలవ్ లేదక్కా" అన్నాడు. వాడి కళ్ళలో ఆకలి నాకు కనబడింది. వాడు చిత్రాన్నం తినగలడు, మేం తినకూడదు. లోపల అదే నిమ్మకాయ, అదే వేరుశనగపప్పు, లెమన్ రైస్ అనే పేరుతో అట్టపెట్టెలో ఉంటుంది. పేరు మారితే ధర మారాలి కదా.

మామ మాత్రం ఏమీ అనకుండా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకముందే. గనిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒంటికి అదొక అలవాటు. షిఫ్టు దిగినవాళ్ళు రాయి ముక్క ఎక్కడైనా దాచుకున్నారేమోనని వెతికేవాళ్ళు. ఒక్క తేడా ఉంది. గనిలో బయటికొచ్చేటప్పుడు మనం దొంగలం. పార్కులో లోపలికి పోయేటప్పుడే దొంగలం. ఈ మధ్యకాలంలో మనం సాధించిన అభివృద్ధి ఎంతని ఎవరైనా అడిగితే దీన్ని చూపించొచ్చు.

సోదా అయ్యాక చేతికి పట్టీ చుట్టారు. దాన్ని తెంపితే ప్రవేశం చెల్లదు, తడిసినా ఊడదు, ఇంటికెళ్ళి కత్తెరతో కోసుకోవాలి. పిల్లలు దాన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేశారు. 1930లో ఇదే కోలారు గనుల్లో కంపెనీవాళ్ళు కూలీలందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టరులో ఎక్కిస్తామన్నారు. మేమేమన్నా కేడీలమా అని జనం తిరగబడ్డారు. వేలమంది పని ఆపేసి, రోజుల తరబడి గనుల్ని మూగబోయేట్టు చేశారు. బొటనవేలి గుర్తు కోసం అంత పోరాటం! వాళ్ళ మునిమనవలు ఈరోజు ఫోను నంబరు, ఈమెయిలు, పుట్టిన తేదీ, ఆధార్ కాగితం అన్నీ ఆన్‌లైన్‌లో నింపి, పైగా డబ్బు కట్టి, మణికట్టు చాపి, "ఇంకొంచెం బిగించండన్నా" అంటున్నారు.

ఇక క్యూ. పార్కులో అసలు రైడ్ ఇదే. మిగతావన్నీ దీని మధ్యలో వచ్చే ఇంటర్వెల్లు. ఇనపగొట్టాల మధ్య పాములా మెలికలు తిరుగుతూ, ముందున్నవాడి వీపు మీది చెమటచారల్ని గంటన్నర సేపు చదువుతూ నిలబడితే, చివర్లో ఒకటిన్నర నిమిషం పాటు గాల్లో విసిరేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోపలున్నాం. నిజంగా ఎగిరిందీ, పడిందీ, తిరిగిందీ అంతా కూడితే పావుగంట ఉంటుందో ఉండదో. తిరుమలలో కంపార్టుమెంట్లలో కూర్చోబెడితే గోవిందా గోవిందా అని అరుస్తాం. అక్కడ దేవస్థానం వాళ్ళు పిల్లలకి పాలిస్తారు, పెద్దలకి అన్నం పెడతారు. ఇక్కడ పాప్‌కార్న్ బండి వస్తుంది.

తిరుమల పోలిక ఊరికే తేలేదు. అక్కడ 300 రూపాయల ప్రత్యేక దర్శనం ఉన్నట్టే ఇక్కడ త్వరగా ఎక్కే టికెట్టు ఉంది. మామూలు టికెట్టుకి ఇంకో అంత జోడించి కొంటే వేరే దారి, వేరే రంగు పట్టీ. మేం గొట్టాల్లో ఉడుకుతుంటే ఆ పక్కదారిలోంచి ఒక కుటుంబం చల్లగా నడుచుకుంటూ పోయింది. మా వైపు చూడకుండా ఉండడానికి వాళ్ళు పడ్డ పాట్లు చూస్తే జాలేసింది. "డబ్బున్నోళ్ళకి భయం కూడా ముందే దొరకతాది చూడండి," అంది మా ఆవిడ. గనుల కాలంలో ఈ త్వరిత సేవ రంగుని బట్టి ఉండేది, పట్టీ రంగు కాదు, చర్మం రంగు. దొరల బంగళాలు, దొరల క్లబ్బు, దొరల గోల్ఫు ఒకవైపు. కూలీలైన్లలో వెదురు తట్టీల గుడిసెలు ఒకవైపు. దాన్నే 'చిన్న ఇంగ్లండ్' అని ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఆ ఇంగ్లండ్‌లో మన ముత్తాతలకి సీటు ఎక్కడుండేదో మాత్రం అడక్కూడదు.

పిల్లలు ఎక్కాలని గొడవపెట్టింది ఒక స్తంభం. పది పదిహేను అంతస్తుల ఎత్తుంటుంది. చుట్టూ కుర్చీలు. మెల్లగా పైకి లాగుతారు, కాసేపు అక్కడ నిలబెట్టి ఆలోచించుకోనిస్తారు, ఆ తర్వాత దబ్బున వదిలేస్తారు. దాని కిందే సిమెంటు బల్ల మీద మామ కూర్చున్నాడు. ఆయన గనిలో వైండింగ్ డ్రైవరు. అంటే మనుషుల్ని కిందికి దింపే, పైకి లాగే కేజ్ ఆయన చేతిలో ఉండేది. లివరు పట్టుకుని, లోతు చూపించే ముల్లు మీద కన్ను, గంట మీద చెవి పెట్టి ఎనిమిది గంటలు కూర్చునే పని. ఎదురుగా డ్రమ్ము తిరుగుతుంటుంది, తాడు తప్ప మనుషులు కనబడరు. తాడు చివర ఎంతమంది ప్రాణాలున్నాయో గంటే చెప్పాలి. ఒక దెబ్బకి అర్థం వేరు, రెండు దెబ్బలకి వేరు, మూడు కొడితే మనుషులెక్కుతున్నారని.

ఆయన ఆ స్తంభాన్ని చాలాసేపు చూశాడు. సినిమా చూసినట్టు కాదు, పాత ఆఫీసులో కొత్త గుమస్తా పని చూసినట్టు.

"వైండరు యాడ కూర్చోనుండాడు?" అన్నాడు.

"ఎవరూ లేరు తాతా, కంప్యూటర్," అన్నాడు మా చిన్నోడు.

"గంట కొట్టేదెవరు?"

"గంట లేదు."

"మూడు గంటలు కొట్టకుండా మనుషుల్ని ఎట్ల ఇడుస్తారు?" అని నా వైపు తిరిగాడు, నేనేదో మైన్ మేనేజరునైనట్టు. ఇంతలో పైనుంచి కుర్చీలు వదిలారు. నలువైపులా కేకలు. మామ కుడిచెయ్యి తనకు తెలియకుండానే బల్ల అంచుని పట్టుకుని వెనక్కి లాగింది. కుర్చీలు కింద ఆగాయి. ఆయన చెయ్యి వదిలి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమప్పా, నా చేతి కింద ఒక్కసారి కేజ్ అట్ల పడుంటే చార్జిషీటు ఇచ్చేసుందురు. ఈడ దానికే టికెట్టా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా ఆ మైకుల హోరులో వినబడదు. మా పెద్దోడు దిగి, పాలిపోయిన మొహంతో వచ్చి "సూపర్ తాతా!" అన్నాడు. దారిలో ఒక కౌంటర్లో వాడి ఫొటో సిద్ధంగా ఉంది. కిందికి పడుతున్నప్పుడు ఎవరికీ చెప్పకుండా తీసింది. కళ్ళు వెలికి వచ్చి, నోరు వంకరపోయి, చెంపలు చెవుల దాకా ఎగిరి ఉన్నాయి. అట్టఫ్రేముతో సహా అమ్ముతారు. మామ దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఇట్లాంటి మొగాలు మాకు ఊరికే కనబడుతుండె, ఎయిర్ బ్లాస్టు అయినప్పుడు," అన్నాడు. ఫొటో అమ్మే అమ్మాయి అదేదో కొత్త రైడ్ పేరనుకుని, ఎంత బాగుందో అన్నట్టు నవ్వింది.

ఎయిర్ బ్లాస్టంటే, పాపం ఆ పిల్లకి తెలియదు, కింద రాయి మీద పైనున్న కిలోమీటర్ల రాతి బరువు పడి, ఎక్కడో ఒకచోట ఓర్చుకోలేక రాయే బాంబులా పేలడం. పైన ఊళ్ళో ఇళ్ళు ఊగేవి, అలమరలో గిన్నెలు గలగలమనేవి. ఆ శబ్దం వినగానే ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఛాంపియన్ రీఫ్‌లో గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అక్కడి రాయి ముట్టుకుంటే 60 డిగ్రీలు దాటిన వేడి. స్తంభం ఎత్తు చూసి గుడ్లు తేలేస్తున్నాం కానీ, మా నాన్నలు పొద్దున టిఫిన్ క్యారియర్ పట్టుకుని డెబ్బై ఎనభై స్తంభాల లోతుకి పోయి, తిరిగొచ్చి, సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికి నడిచొచ్చేవాళ్ళు. ఎవరూ సూపర్ అనలేదు.

నీళ్ళ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నూలుబట్ట కట్టుకుని కొలనులో దిగకూడదు, నైలాన్ ఉండాలి. లేకపోతే అక్కడే కొనాలి. మా ఆవిడ కొన్న ఆ చొక్కా ఇప్పుడు స్కూటర్ తుడవడానికి కూడా పనికిరావడం లేదు, నీళ్ళు పీల్చదు. సైరన్ మోగగానే యంత్రంతో అలలు లేపుతారు, వందలమంది ఒకరి మీద ఒకరు పడతారు. కోలారు వాళ్ళం కదా, ఏడాది పొడుగునా పారే నది పేరు చెప్పమంటే తల గోక్కుంటాం. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వస్తుంది. బెంగుళూరు వాడి పారేసిన మురుగుని శుద్ధి చేసి, కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ పథకమని పేరు పెట్టి, 2018 నుంచి మా చెరువులకి పంపుతున్నారు. వాళ్ళు స్నానం చేసిన నీళ్ళు మా చెరువుకి వస్తాయి. మేం స్నానం చెయ్యడానికి వాళ్ళ దగ్గరికి పోతాం. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నారు కానీ, ఎద్దు టికెట్టు కొనుక్కుని కాకి దగ్గరికి పోవడం మా జిల్లాలోనే చూడాలి.

మీరు నన్ను పాతకాలపు గొణుగుడుగాడు అనుకోవచ్చు. అనుకోండి. కానీ ఈ వినోదానికీ గనికీ చుట్టరికం నేను కల్పించింది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో మాక్ చంక్ అనే చోట 1827లో బొగ్గు దింపడానికి కొండ మీంచి ఒక పట్టాల దారి వేశారు. బొగ్గు బండ్లు వాటి బరువుకి అవే కిందికి జారేవి. ఖాళీ బండ్లని పైకి లాగడానికి కంచరగాడిదలు. అవి కూడా దిగేటప్పుడు బండెక్కి దర్జాగా వచ్చేవి. తర్వాత బొగ్గుకి వేరే రైలు వచ్చింది. పనిలేని ఆ దారి మీద జారడానికి పట్నంవాళ్ళు డబ్బిచ్చి రావడం మొదలుపెట్టారు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన అలాంటిదే చిన్నది కట్టి, మనిషికి 5 సెంట్లు వసూలు చేశాడు. రోలర్ కోస్టర్ వంశవృక్షం అది. కూలివాడి దారిలోంచి కూలిని, బొగ్గుని తీసేసి, భయాన్ని మాత్రం ఉంచారు. 1979లో డిస్నీలాండ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, దయ్యాలు పట్టిన బంగారు గనుల ఊళ్ళో అదుపు తప్పిన రైలు అని ఒక రైడ్ పెట్టారు. పాడుబడిన బంగారు గనుల ఊరు! మేం దాంట్లో అద్దె కట్టుకుని కాపురం ఉంటున్నాం, వాళ్ళు సిమెంటుతో కట్టి టికెట్టు అమ్ముతున్నారు.

జోహన్నెస్‌బర్గ్ వాళ్ళకి సిమెంటు ఖర్చు కూడా అక్కర్లేకపోయింది. క్రౌన్ మైన్స్ అనే బంగారు గనిలో 14వ నంబరు షాఫ్టు మూతపడింది. దాని మీదే గోల్డ్ రీఫ్ సిటీ అని వినోద పార్కు పెట్టారు. తర్వాత జూదశాల కావాలన్నారు. లైసెన్సు కావాలంటే సమాజానికి ఏదైనా మేలు చెయ్యాలని ప్రభుత్వం అంది. సరేనని పక్కనే వర్ణవివక్ష మ్యూజియం కట్టారు. అది తెరిచింది 2001లో, మా గని మూసిన ఏడాది. జూదానికి ప్రాయశ్చిత్తంగా చరిత్ర! మన దగ్గర ఆ మాత్రం బేరం కూడా కుదరలేదు.

కాబట్టి, పర్యాటకశాఖ పెద్దలారా, కేంద్రమా, రాష్ట్రమా, ఎవరైతే వాళ్ళు. మూతపడ్డ గనికి పర్యాటకమే మందని మీరు ఎన్నికల ముందు మైకులో అంటుంటారు. ఇంత దూరం వచ్చాక నేనూ ఒప్పుకుంటున్నాను. మా పిల్లలు బెంగుళూరు దాటి పోవడం దేనికి? ఊరిగాంలోనే పార్కు తెరవండి. రైడ్లన్నీ సిద్ధంగా ఉన్నాయి, పెట్టుబడి ఒక రిబ్బను, ఒక కత్తెర.

కేజ్ రైడ్‌కి హెడ్‌గేర్లు షాఫ్టుల మీద తుప్పుపట్టి నిలబడే ఉన్నాయి. తుప్పు ఉంటేనే భయం ఎక్కువ, కాబట్టి రంగు వెయ్యకండి. నీళ్ళ పార్కు భూమి కిందే తయారైంది. పంపులు ఆపేశాక గనులు నీళ్ళతో నిండిపోయాయి. ఇంత లోతైన కొలను ప్రపంచంలో ఇంకొకటి ఉందని ఎవరైనా అంటే వచ్చి దూకి చూసుకోమనండి. మంచు పార్కు కూడా ఉంది, కాకపోతే మంచు బదులు దుమ్ము. బంగారం తీసేశాక మిగిలిన పొడిరాయి 3 కోట్ల 30 లక్షల టన్నులు సైనైడ్ గుట్టలుగా పోగుపడి ఉంది. గాలి నెలల్లో ఆ గుట్టలు వాటంతట అవే లేచి ఇంటింటికీ వస్తాయి, రాకపోకల ఖర్చు లేదు. ఆ గుట్టల్ని మళ్ళీ తవ్వి మిగిలిన బంగారం తియ్యడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే త్వరపడాలి, రైడ్ ఎప్పుడు మాయమవుతుందో తెలియదు.

సినిమా సెట్టు విడిగా వెయ్యక్కర్లేదు. 2018లో కేజీఎఫ్ సినిమా ఒక భాగం, 2022లో ఇంకో భాగం వచ్చాక, మా గుట్టల మీదికి వచ్చే కుర్రాళ్ళు రాకీ భాయ్ ఇల్లు ఎక్కడని అడుగుతున్నారు. ఒకరోజు ఒకణ్ణి మామ దగ్గరికి పంపించాను. ముప్ఫై ఏళ్ళు కేజ్ నడిపిన మనిషి, నిజమైన కేజీఎఫ్ ఈయనే అన్నాను. వాడు మామని పైనుంచి కిందిదాకా చూసి, గడ్డం లేదని వెళ్ళిపోయాడు.

చీకటి రైడ్ కావాలంటారా, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు ముందుగా మా గనులకే వచ్చింది. బెంగుళూరు ఇంకో మూడేళ్ళు లాంతర్లతో కాపురం చేసింది. ఇప్పుడు మా వీధి దీపాల సంగతి రాత్రిపూట వచ్చి మీరే చూడండి. కంటికి కనబడని రైడ్ కూడా ఒకటుంది. 1965లో టాటా పరిశోధన సంస్థ వాళ్ళూ, జపానువాళ్ళూ, ఇంగ్లండువాళ్ళూ కలిసి రెండు కిలోమీటర్లకి పైగా లోతులో పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలని పట్టుకున్నారు. భూగోళాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దూసుకుపోయే కణం అది, క్యూ లేదు, పట్టీ లేదు. ప్రపంచ భౌతికశాస్త్రంలో మా ఊరి పేరు ఉంది. మా ఊళ్ళో ఆ సంగతి చెప్పే బోర్డు ఎక్కడుందో నాకు కనబడలేదు. హీరో కటౌట్ మాత్రం కనబడింది.

ఊపిరి రైడ్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 1940లలో ఈ గనుల్లో 7,653 మందిని పరీక్ష చేస్తే వందకి నలభైమందికి పైగా సిలికోసిస్ తేలింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గడ్డకట్టే రోగం. మెట్లు ఎక్కక్కర్లేదు, మంచం మీద పడుకునే ఎవరెస్టు ఎక్కినంత ఆయాసం. మా కూలీలైన్లలో చిన్నప్పుడు రాత్రిళ్ళు ఒక ఇంటి దగ్గు ఆగితే ఇంకో ఇంటి దగ్గు అందుకునేది. పిల్లలం ఆ దగ్గులని బట్టి ఎవరిల్లో చెప్పే ఆట ఆడేవాళ్ళం. దీనికి టికెట్టు ఎంత పెట్టాలో మీరే తేల్చండి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఎక్కకూడదని బోర్డు పెట్టడం మర్చిపోకండి. అప్పట్లో అలాంటి బోర్డు పెట్టలేదు.

ధరల్లో మాత్రం డిస్కౌంటు ఇవ్వకండి. ఇది నా మాట కాదు, లండన్‌లో లార్డుల సభ మాట. 1892లో ఊరిగాం గోల్డ్ మైనింగ్ కంపెనీ మీద రోపర్ అనే వాటాదారు వేసిన కేసులో, కంపెనీ తన పౌను వాటాని అంతకన్నా తక్కువకి ఇవ్వడం చెల్లదని పెద్దలు తీర్పిచ్చారు. కంపెనీ చట్టం చదివే ప్రతి లా విద్యార్థీ ఈనాటికీ మా ఊరి పేరు బట్టీపడతాడు. మా ఊళ్ళో వాటా మాత్రం ఎవరికీ లేదు. కాబట్టి విద్యార్థులకి రాయితీ, గుంపుగా వస్తే రాయితీ, బుధవారం రాయితీ లాంటివి ఊరిగాం పేరు మీద చట్టవిరుద్ధం. ఇక భారత్ గోల్డ్ మైన్స్ పాత కార్మికుల సంగతి. మూసేశాక బకాయిల కోసం కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులరిగినవాళ్ళు. వాళ్ళకి ప్రవేశం ఉచితం అనండి. గేటు దగ్గర వేలిముద్ర ఒకటి తీసుకోండి చాలు. ఈసారి సమ్మె చేసేంత ఊపిరి వాళ్ళ దగ్గర లేదు.

చివరి రైడ్ రైల్వేవాళ్ళు ఇప్పటికే నడుపుతున్నారు, దాన్ని కూడా మీ ఖాతాలో వేసుకోండి. పద్ధెనిమిది వందల తొంభైల్లో గనుల కోసం వేసిన లైను మీద, రోజూ తెల్లవారుజామున మారికుప్పంలో బయల్దేరి, ఛాంపియన్ దాటి, ఊరిగాం చేరేసరికే తలుపులో వేలాడే బండి. వేలమంది బెంగుళూరు పోయి, అక్కడి కంపెనీల్లో, గోడౌన్లలో, గేట్ల దగ్గర కాపలా కాసి, రాత్రికి తిరిగొస్తారు. మా చిత్రాన్నం డబ్బా మూత తీసిన కుర్రాడు కూడా ఈ బండిలో వచ్చేవాడే. ఆ సాయంత్రం టెంపో దగ్గర మాట కలిపితే తెలిసింది, ఆండర్సన్‌పేటట. ఈ రైడ్‌లో సీటు బెల్టు అక్కర్లేదు. కదలడానికి చోటుంటే కదా పడిపోయేది! నెల పాసు చెల్లుతుంది, పిల్లల్ని లెక్కలోకి తీసుకోరు, కేక మీద పన్ను లేదు.